బీప్ ఆగకూడదు

తిరుత్తణి కొండమీద హామ్ రేడియో క్లబ్బువారి రిపీటర్ గదిలో, దాన్ని చూసుకునే వెంకటముని మెడ విరిగి పడి ఉన్నాడు. చేతిలో మైకు అలాగే ఉంది.

ఆ ఫోటోను గూఢచారి శాఖ చీఫ్ రామానుజం నడుస్తున్న జీపులోనే తన ఏజెంట్ దేవసేనకు చూపించాడు. తిరువళ్ళూరు అప్పుడే వెనకబడింది. ఆమె ఒళ్ళో కొత్త పెళ్ళికూతురి సారె టిఫిన్ క్యారియర్. పై గిన్నెలో పులిహోర, అడుగు గిన్నెలో ఆమె స్వయంగా తయారుచేసిన కంట్రోలర్. చెవికమ్మలో ఇయర్‌ఫోన్, కుంకుమ భరిణెలో మీటర్. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళే భక్తురాలి వేషం.

రిపీటర్ అంటే చేతిసెట్ల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పట్టుకుని, బలం పెంచి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వినిపించే యంత్రం. ఎప్పుడు పలకాలో, ఎప్పుడు ఊరుకోవాలో దానికి చెప్పేది కంట్రోలర్ అనే చిన్న పెట్టె.

"ఆ పెట్టెను రాడార్ చిప్ కోసం తిరిగే ముఠావాళ్ళు మార్చేసినారు," అన్నాడు రామానుజం. "అది నిమిషానికొక బీప్ పంపిస్తా ఉంది. రైల్లో పెట్టిన బాంబు ఆ బీప్ వింటా ఉంటుంది. వరసగా రెండు వినపడకపోతే పేలుతుంది. ఊత్తుకోటలో ఏ ఇంట్లోనో ఒకడు కూర్చోనుండాడు. వాడు తన సెట్‌లో కోడ్ నొక్కితే పెట్టె ఇంకో టోన్ పంపిస్తుంది. అప్పుడూ పేలుతుంది."

"ఏ రైలు సార్?"

రామానుజం కిటికీలోంచి బయటికి చూశాడు. "హేమనాథ్ ఎక్కిన రైలు."

హేమనాథ్ కూడా ఏజెంటే. రాడార్ చిప్ తీసుకెళ్తున్న శాస్త్రవేత్త సుందరరాజులుకు బాడీగార్డ్. దేవసేన మెడలో అతను కట్టిన తాళి పసుపు ఇంకా తడి ఆరనట్టే ఉంది. పొద్దున స్టేషన్‌లో ఆమె జడలో మల్లెపూలు సరిచేసి, ఆలస్యమైందని పరుగెత్తుతూ రైలెక్కాడు.

"ఆపించండి సార్."

"ఆపితే నొక్కేస్తారు. వాళ్ళ మనిషి చిప్ కొట్టేసి తిరుత్తణిలో దిగిపోతాడు. రైలు మళ్ళీ కదిలినాక నొక్కుతారు. హేమనాథ్‌కి చెప్పలేదు. చెప్తే మొహంలో తెలిసిపోతాది."

"ఇదంతా మనకెవరు చెప్పినారు?"

"రంజని. ఆ ముఠాలోనే ఉంది. మనకూ పనిచేస్తుంది. పూలు యాడ కొన్నావని అడుగు. పాండూరులో అని చెప్తే మన మనిషి." ఫోటో జేబులో పెట్టుకున్నాడు. "చెప్పకపోతే ఎవరి మనిషో నాకూ తెలీదు."

కొండమీది గది తలుపు తెరిచే ఉంది. లోపల వెంకటముని శవం పక్కనే నల్లటి పెట్టె, దాని మీద ఎర్ర దీపం. దేవసేన చెవిలో బీప్ వినిపించింది. ప్రాణం లేచి వచ్చింది.

మూత తీసి చూసింది. వైర్లు పెద్ద కష్టం కాదు. పవర్, గ్రౌండ్, రిసీవర్ ఆడియో, సిగ్నల్ వచ్చిందని చెప్పే వైరు, ట్రాన్స్‌మిటర్‌ను ఆన్ చేసే వైరు, దానిలోకి టోన్ పంపే వైరు. కష్టమంతా ఒక్కటే. పాతది పీకి కొత్తది పెట్టేలోపు బీప్ ఆగిపోతుంది.

పొదటూరుపేటలో అమ్మ మగ్గం గుర్తొచ్చింది. నిలువు దారాల పడుగు అయిపోతే అమ్మ పాత పోగులను దువ్వెనలాంటి అచ్చులోంచి లాగెయ్యదు. ఒక్కో పాత పోగు కొసకు కొత్త పోగును మెలిపెట్టి అతుకుతుంది. ముందు అతుకు, ఆ తర్వాతే కోత.

దేవసేన పాత వైర్ల పైతొడుగు అక్కడక్కడా గీకి, తెంచకుండానే కొత్త వైర్లను మెలిపెట్టడం మొదలుపెట్టింది. భయంతో వేళ్ళు చెమటపట్టి రాగితీగ జారిపోతోంది. అమ్మ అయితే బూడిదలో వేళ్ళు ముంచేది. దేవసేన కొంగున కట్టుకున్న విభూతి పొట్లం విప్పింది.

నాలుగో వైరు దగ్గర మెడకు చల్లగా తగిలింది పిస్టల్.

"సుమ్మనుండు, కదలొద్దు."

గంధం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. ఆ చెప్పులతో కొండెక్కినా రంజని పెదవుల రంగు చెదరలేదు.

"పూలు యాడ కొన్నావక్కా?" అంది దేవసేన, చేతిలో వైరు వదలకుండా.

రంజని గడ్డంతో వైర్ల వైపు చూపించింది. "కానీ. నువ్వు తప్పు చేస్తే రైలే పోతుంది, నేను తూటా ఖర్చు పెట్టే పనిలేదు."

కింద స్టేషన్‌లో రైలు కూత. దేవసేన చివరి వైరు అతికింది. బీప్ రాగానే పాతవన్నీ వరసగా కత్తిరించింది. ఎర్ర దీపం ఆరిపోయింది.

తర్వాతి బీప్ కొత్త పెట్టెది. వచ్చింది, కానీ నీరసంగా. భరిణెలో మీటరు ముల్లు సగం కూడా లేవలేదు. ఇది బాంబుకు వినపడకపోయి ఉంటే మిగిలింది ఒక్క బీపే. లెవెల్ సరిచేసే చిన్న స్క్రూ మీద ఆమె గోరు జారింది. ఎక్కువ తిప్పితే టోన్ బొంగురుపోతుంది, అదీ పనికిరాదు. విభూతి వేలితో మళ్ళీ పట్టుకుని ఒక వెంట్రుకవాసి తిప్పింది.

కింద రైలు కదిలింది.

బీప్. ముల్లు గీత మీద నిలబడింది.

ఆ వెంటనే చెవిలో గబగబా టోన్లు. ఊత్తుకోటవాడు కోడ్ నొక్కేశాడు. దేవసేన కళ్ళు మూసుకుంది. పేలుడు కోసం చెవులు ఎదురుచూస్తున్నాయి. కొత్త కంట్రోలర్‌కు ఆ కోడ్ తెలియదు. సెట్‌లో ఎవరైనా మాట ముగిస్తే, విన్నానన్నట్టు అది మర్యాదగా చేసే పని ఒక్కటే.

టింగ్, అంది.

రైలు చప్పుడు ఆగకుండా సాగిపోయింది.

"పాండూరులో కొన్నా," అంది రంజని పిస్టల్ దించి.

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదక్కా?"

"ఎవరు గెలుస్తారో చూసి చెప్దామనుకుంటి."

చిప్ కొట్టేసినవాడు ప్లాట్‌ఫారం మీదే దొరికాడు. ఊత్తుకోటవాడు పదేపదే నొక్కడంతో వాడి సిగ్నల్ పట్టుకుని రామానుజం మనుషులు ఇల్లు చుట్టుముట్టారు. రైలును పొలాల దగ్గర ఆపి, అందరినీ దింపి, బాంబు తీసేవరకు దేవసేన పెట్టె ముందునుంచి లేవలేదు.

సాయంత్రం హేమనాథ్ కొండెక్కి వచ్చాడు. ఆమె చేతులకు ఇంకా విభూతి అంటుకునే ఉంది. అతను వాటిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"రైల్లో బాగా నిద్రపట్టేసింది, దేవీ. పులిహోర ఉండాదా?"

తిన్నాక క్యారియర్ సర్దుతూ ఆగిపోయాడు. "అడుగు గిన్నె యాడ?"

గది వైపు చూపించింది. గిన్నెలో కూర్చున్న కంట్రోలర్ దీపం నిదానంగా వెలుగుతోంది.

"అప్పుడే సారె గిన్నె పోగొట్టినావా? మా అమ్మకేం చెప్పేది?"

"డ్యూటీలో ఉందని చెప్పు," అంది దేవసేన. "నీ మాదిరి నిద్రపోదు."