పచ్చ చుక్క

బడిలో రెండో గదిని మూడు రోజులపాటు రక్తపరీక్షల గదిగా మార్చారు. కిటికీ పక్కన పిల్లల బల్ల, దాని మీద మైక్రోస్కోపు. కరెంటు లేదు. మైక్రోస్కోపు కింది చిన్న అద్దాన్ని ఎండకేసి తిప్పుకుని, ల్యాబు టెక్నీషియను పొద్దుటి నుంచి రక్తంలో పురుగులు లెక్కపెడుతున్నాడు.

కంటికి ఆనని సన్నటి పిల్లపురుగులు. పగలు పదికి రక్తంలో పైకి తేలి, మూడు దాటాక ఒంట్లో ఎక్కడో దాక్కుంటాయి. వాటిని కన్న పెద్ద పురుగు ఒక్కోసారి కంటి తెల్లగుడ్డు మీదుగా పాకుతూ కనిపిస్తుంది. బడి వరండాలో మాత్రలు పంచుతున్నది వేరే జబ్బుకి, చూపు పోగొట్టే జబ్బుకి. కానీ ఈ పురుగులు మితిమీరి ఉన్నవాళ్లు ఆ మాత్ర మింగితే అవన్నీ ఒక్కసారిగా చచ్చి, మెదడు వాస్తుంది. అందుకే ముందు వేలు గుచ్చి చూడాలి. తక్కువుంటే బొటనవేలి గోరు మీద పచ్చ చుక్క, ఎక్కువుంటే ఎర్ర చుక్క. వరండాలో నర్సమ్మ పేరు కూడా అడగదు. గోరు చూసి మాత్ర ఇస్తుంది.

పన్నెండున్నరకి టెక్నీషియను చెల్లెలు వరస దాటుకుని వచ్చేసింది. ఆమెది కుట్టుపని.

"అన్నయ్యా, నన్ను తొందరగా వదిలెయ్. అరవై జతల యూనిఫాంలు, సాయంత్రానికి ఇవ్వాలి."

"వరసలో నిల్చోవే."

"సొంత చెల్లికి కూడా వరసేనా? సూదంటే భయమనుకున్నావా ఏంటి? మిషను మీద రోజుకు రెండుసార్లు గుచ్చుకుంటా. నాకు చుక్క రాదు, ధారే!"

వరసలోవాళ్లు నవ్వారు. అతనూ నవ్వాడు. కిందటేడు ఆమె రక్తం తనే చూశాడు, ఒక్క పురుగు లేదు. సిరాబుడ్డి మూత తీసి ఆమె గోరు మీద పచ్చ చుక్క పెట్టేశాడు.

"వెళ్లు. నర్సమ్మ అన్నానికి వెళ్లినట్టుంది, రాగానే మింగేసి పో."

ఆమె చీటీ మీది అంకె ముప్పై ఒకటి. ఆ అంకె రాసిన గాజుపలకను, రక్తం చుక్క వెయ్యకుండా, ఖాళీగానే పెట్టెలో పెట్టాడు.

పెడుతుంటే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మూడు వారాల కిందట ఏటిగట్టున ఇలాగే చేశాడు. పడవవాడి భార్య సూది చూసి గోడకి అతుక్కుపోయింది. "దాని బదులు నాదే ఇంకో చుక్క తీసుకో సారూ, ఇద్దరం ఒకే కుండలో తాగుతాం" అన్నాడు పడవవాడు. తీసుకున్నాడు. శుభ్రంగా ఉంది. ఆమె గోరు మీద పచ్చ పెట్టాడు. మూడో రోజు ఆమెను పడవతాడుతో మంచానికి కట్టాల్సి వచ్చింది. కళ్లు నెత్తుటి ముద్దలయ్యాయి. నాలుక తనే కొరికి తెంపుకుంది. కాగితాల్లో చావుకి కారణం 'మెదడువాపు' అని రాశారు. అతను నోరు విప్పలేదు.

ఒంటిగంటకి వరస పలచబడి, గది ఖాళీ అయింది. ఎండకి పైకప్పు రేకులు టిక్కుమంటున్నాయి. అతను కంటిగొట్టం మీద వంగి ఆఖరి పలక చూస్తున్నాడు. ఎదురు బెంచీ కిర్రుమంది. తడితాడు వాసన... బురద వాసన.

"చెయ్యి ఇలా పెట్టండి," అన్నాడు తల ఎత్తకుండా.

బల్ల మీదికి ఒక చెయ్యి వచ్చింది. చల్లగా ఉంది. గుచ్చాడు. రక్తం రాలేదు. వేలు నొక్కాడు. రాలేదు. పక్క వేలు గుచ్చాడు. రాలేదు. బొటనవేలు తిప్పాడు.

గోరు మీద పచ్చ చుక్క. వెలిసిపోయింది. మణికట్టు చుట్టూ తాడు కోసిన గాడి.

"ఆ రోజు ఇవ్వలేదుగా..." గుసగుస. సగం నాలుకతో పలికిన మాటలు. "ఇప్పుడు తీసుకో..."

లేవబోయాడు. ఆ చెయ్యి అతని మణికట్టు పట్టుకుంది. రెండో చెయ్యి సూది తీసుకుని అతని చూపుడువేలి గోటి కిందికి దించింది. ఎముక తగిలేదాకా దించింది. జుట్టు పట్టుకుని అతని మొహాన్ని కంటిగొట్టం మీద కొట్టింది.

"లెక్కపెట్టు."

కనుబొమ్మ చిట్లింది. నెత్తురు కంట్లోకి కారింది. కింద అద్దంలో ఎండ ఎర్రగా మారింది. పలక నిండా పురుగులు, ఒకదాని మీద ఒకటి, మెలికలు...

"ఒకటి... రెండు..."

మళ్లీ కొట్టింది. ముక్కు దూలం పటుక్కుమంది.

"ఇంకా ఉన్నాయి..."

"నలభై... నలభై ఒకటి... అమ్మా, నన్ను వదిలెయ్..."

మళ్లీ. పన్ను విరిగి బల్ల మీద పడింది. అప్పుడు ఆ చెయ్యి పాత పలక తీసి, పెట్టెలోంచి ఇంకోటి పెట్టింది.

"ఇది... ఎవరిది?"

ఒకే కన్నుతో చూశాడు. తడి ఆరని రక్తం. పురుగులు లెక్కకు అందడం లేదు. పలక అంచున అంకె. తన చేతిరాతే.

ముప్పై ఒకటి.

ఆ పలక మీద అతను చుక్క వెయ్యలేదు... చెల్లెలి వేలే గుచ్చలేదు.

ఎలా విడిపించుకున్నాడో తెలియదు. వరండాలోకి పరిగెత్తాడు. చెల్లెలు స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో నీళ్లగ్లాసు. ఒక్క దెబ్బకి దాన్ని ఎగరగొట్టాడు. ఆమె పెదవి చిట్లింది.

"మింగావా?"

"నీకేం పట్టింది అన్నయ్యా! ఆ మొహమేంటి?"

"ఇప్పుడే మూడు మాత్రలు మింగింది," అంది నర్సమ్మ లేచి నిలబడుతూ. "ఎవరు కొట్టారు నాయనా నిన్ను?"

"దీన్ని నేను గుచ్చలేదమ్మా. చూడకుండానే పచ్చ పెట్టాను. పడవవాడి భార్యకీ అంతే... ఆమెను చంపింది నేనే."

నర్సమ్మ మొహంలో నెత్తురు ఇంకిపోయింది. అయినా గొంతు తొణకలేదు. "ఏడుపు తర్వాత. ముందు దీని వేలు గుచ్చు. లెక్క ఎక్కువుంటే ఈ నిమిషమే జీపులో పెద్దాసుపత్రికి పంపుదాం."

ఆమె తన సూదుల డబ్బా తెరిచింది. అతను చెల్లెలి వేలు పట్టుకున్నాడు. సూదిపోట్లతో గరుకెక్కిన వేలు, చల్లగా ఉంది. గుచ్చాడు.

రక్తం రాలేదు.

నొక్కాడు. పక్క వేలు గుచ్చాడు. దాని పక్కది. లోతుగా. ఇంకా లోతుగా. చిట్లిన పెదవి మీద కూడా తడి లేదని అప్పుడు చూశాడు.

నర్సమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

చెల్లెలు తన వేళ్లకేసి వింతగా చూసుకుంటోంది.

"నొప్పి తెలియడం లేదన్నయ్యా," అంది మెల్లగా. "ఎందుకనీ?"