ఫోటో అడగని రోజు

"ఎల్‌సీ ఇచ్చిన మేడం. లైన్ బందయింది. పని చేసుకోండ్రి."

"ఫోటో పంపుండ్రి."

శ్రవణ్‌కు మొదట అర్థం కాలేదు. "ఎవరి ఫోటో?"

"మీది కాదు. స్విచ్ తీసి తాళమేసిన ఫోటో. అది చూస్తెనే పోల్ ఎక్కుత."

కోరుట్ల నుంచి రుద్రంగి వెళ్ళే దారిలో, పొలాల మధ్య ఉన్న సబ్‌స్టేషన్‌లో శ్రవణ్ ఆపరేటర్. లైన్ మీద పని చేసేవాళ్ళు ఫోన్ చేస్తే కరెంటు ఆపి, ఆపినట్టు చెప్పడం అతని పని. ఆ మాట ఇవ్వడాన్నే లైన్‌క్లియర్ అంటారు, పొట్టిగా ఎల్‌సీ. పని చేసేవాళ్ళు కిందికి దిగి, ఎల్‌సీ వాపసు ఇచ్చేదాకా మళ్ళీ కరెంటు వదలకూడదు. కొన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు. ఇంతవరకు ఎవరూ అతన్ని ఫోటో అడగలేదు.

"మేడం, నోటితోటి చెప్తున్న గదా."

"నోటితోటి చెప్పెటోళ్ళను చూసిన. పంపుండ్రి."

పంపాడు. పంపేటప్పుడు ఫోన్ తెరను కాస్త గట్టిగానే నొక్కాడు.

సాయంత్రం ఆమె సబ్‌స్టేషన్‌కే వచ్చింది. చంకలో హెల్మెట్, బూట్లకు రేగడి మట్టి. వెనకాల బండి స్టాండు వేస్తూ సీనియర్ లైన్‌మన్ బక్కయ్య.

"నవనీత. జూనియర్ లైన్‌మన్," అంది. "ఆర్డర్ల గట్లనే రాసిన్రు, నవ్వకండ్రి."

శ్రవణ్ నవ్వలేదు. పొద్దుటి కోపం ఇంకా మిగిలే ఉంది. "ఒక మాట అడుగుత మేడం. నా మీద మీకేం అనుమానం?"

"మీ మీద ఏం లేదు. మీరెవలో నాకు తెల్వదు."

"తెలిస్తే?"

"తెలిసినంక చూద్దం."

ఆమె బయటి నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నప్పుడు బక్కయ్య గొంతు తగ్గించాడు. "మనసుల పెట్టుకోకు తమ్మీ. ముందు పనిచేసిన కాడ, పిల్ల కాలు నేల మీద పెట్టిందో లేదో, పైన కరెంటు వదిలిన్రట. ఒక్క నిమిషం ముందైతే పానం పొయ్యేది. అడిగితే 'మర్చిపోయిన చెల్లె' అన్నడట అక్కడి ఆపరేటర్."

శ్రవణ్ నల్లా వైపు చూశాడు. ఆమె బూట్ల మట్టిని ఓపిగ్గా పుల్లతో గీకుతోంది.

మర్నాటి నుంచి అడగకముందే ఫోటో పంపడం మొదలుపెట్టాడు.

మొదట్లో ఆ ఫోటోల్లో తాళం మాత్రమే ఉండేది. తర్వాత తాళం మీద వాన చినుకులు. ఒకరోజు తాళం పక్కనే కూర్చున్న ఉడుత. ఇంకోరోజు, ఎట్లా వచ్చిందో ఏమో, ఫోటో మూలన తెరిచిన టిఫిన్ డబ్బా.

"లైన్ సంగతి బాగనే ఉన్నది," అని నవనీత దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "దొండకాయ కూర మాడింది."

"వండినోడు కొత్తోడు మేడం."

"స్టవ్ కాడ ఫోన్ చూసుడు బంద్ చెయ్యమను."

పని అయిపోయాక ఆమె కూడా ఫోటో పంపేది. కొత్త ఇన్సులేటర్, దాని వెనక మబ్బు. ఒకసారి మాత్రం బక్కయ్య ఫోన్ నుంచి వచ్చింది. పోల్ మీద బెల్టుకు ఆనుకొని, చేత్తో చెమట తుడుచుకుంటూ నవనీత. శ్రవణ్ ఆ ఫోటోను పెద్దది చేసి, మళ్ళీ చిన్నది చేసి, కాసేపు ఊరికే చూశాడు.

"అది కాకా పంపిండు, నేను కాదు," అని వెంటనే ఫోన్ చేసింది.

"నేనేమన్న అన్ననా?"

"అనకముందే చెప్తున్న."

ఒక సాయంత్రం కోరుట్ల బస్టాండు దగ్గర కలిసి చాయ్ తాగారు. వాన పడి ఆగింది. రేకు అంచు నుంచి కారే నీళ్ళు శ్రవణ్ భుజం మీదే పడుతున్నాయి. జరగమని ఆమె అనలేదు, జరగాలని అతనికీ తోచలేదు.

"మా బాపు భూమయ్య. తాళ్ళెక్కి కల్లు గీస్తడు," అంది నవనీత. "నాకు పోలెక్కే పరీక్ష అన్నప్పుడు ఇంట్ల అందరు భయపడ్డరు. బాపు ఒక్కడే, కమ్మల్లేవు, కందిరీగల్లేవు, ఏం కష్టం అన్నడు."

శ్రవణ్ నవ్వాడు. నవ్వి, "మా బాపు గూడ ఎక్కెటోడు," అన్నాడు.

"ఇప్పుడు బందు పెట్టిండా?"

"ఇప్పుడు లేడు."

ఆమె తన గ్లాసును బల్ల మీద పెట్టి, అతను తల ఎత్తేదాకా ఆగింది.

శ్రవణ్ మళ్ళీ చాయ్ వైపు చూస్తూ చెప్పాడు. "ఆదివారం సిరిసిల్ల దిక్కు పోతున్న. తంగళ్ళపల్లిల అమ్మాయిని చూసుడున్నది. అమ్మ మాటిచ్చింది."

"మంచిది."

"మంచిదేనా?"

"చూసుడే గదా. కండ్లున్నయి, చూడుండ్రి." గ్లాసులో సగం చాయ్ వదిలేసి, రోడ్డు దాటి వెళ్ళిపోయింది. అటువైపు ఆమె ఎక్కాల్సిన బస్సు లేదు. కాసేపటికి మళ్ళీ ఇటే దాటి వచ్చింది. అతని వైపు చూడకుండా బస్సెక్కింది.

ఆదివారం పొద్దున్నే పెద్ద గాలి లేచింది. రుద్రంగి వైపు తీగలు తెగిపడ్డాయని ఫోన్లు. సెలవు రోజైనా అందరినీ పిలిచారు. శ్రవణ్ డ్యూటీ ఎట్లాగూ మధ్యాహ్నం రెండింటిదాకా ఉంది. కొత్త చొక్కా హ్యాంగర్‌తో సహా కిటికీకి తగిలించి ఉంచాడు. డ్యూటీ దిగి నేరుగా తంగళ్ళపల్లికి పోవాలి. తల్లి చంద్రవ్వ, మేనమామ జగిత్యాల నుంచి ముందే బయలుదేరారు.

నవనీత ఫోన్ చేసింది. అతను స్విచ్ తీసి, తాళం వేసి, ఎప్పటిలాగే ఫోటో కూడా తీశాడు.

"ఎల్‌సీ ఇచ్చిన మేడం. ఫోటో పంపుతున్న."

"అద్దు."

"ఏంది?"

"ఫోటో అద్దు. మీరు చెప్పిన్రు గదా. ఎక్కుతున్న."

ఫోన్ పెట్టేసింది. శ్రవణ్ చేతిలో ఇంకా పంపని ఫోటో ఉంది. బయట గాలికి వేపకొమ్మలు ఊగుతున్నాయి.

రెండింటికి తర్వాతి షిఫ్టు ఆపరేటర్ రాకేశ్ డ్యూటీకి వచ్చాడు. "ఇగ నువ్వు పో అన్నా. పిల్లను చూసుడు ఉందంటివి. ఎల్‌సీ నేను చూసుకుంట."

ఎల్‌సీ ఇచ్చిన మనిషి మధ్యలో మారవచ్చు. కాకపోతే పోల్ మీదున్నవాళ్ళకు ఆ సంగతి చెప్పి మారాలి. శ్రవణ్ నవనీతకు ఫోన్ చేశాడు. కలవలేదు. బక్కయ్యకు చేశాడు. అదీ కలవలేదు. గాలికి అటువైపు టవర్లు పోయినట్టున్నాయి.

"నేనున్న గదా," అన్నాడు రాకేశ్. "నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉన్నది. ఆమె నా మాట మీద ఎక్కింది రా. ఆమెకు చెప్పకుండ ఎట్ల పోత?" అని శ్రవణ్ స్టూలు లాక్కొని ప్యానెల్ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ఫోటో అడిగి ఉంటే వెళ్ళిపోయేవాడేమో. ఆ సంగతి రాకేశ్‌కు ఎట్లా చెప్పాలో అతనికి తెలియలేదు.

తల్లి ఫోన్ మాత్రం కలిసింది.

"ఏడున్నవ్ రా?"

"డ్యూటీల అమ్మా."

"డ్యూటీ రెండింటికి అయిపోతదంటివి."

"పైన మనిషి ఉన్నది. ఇంకా దిగలె."

"కింద మేమున్నం రా చాప మీద. మీ మామ పండ్లన్ని తినుకుంట కూసున్నడు. పిల్ల చీర కట్టుకొని లోపట ఉన్నది. వీళ్ళకు ఏం చెప్పాలె?"

"ఉన్నదే చెప్పమ్మా."

చంద్రవ్వ ఫోన్ పెట్టేసింది.

చీకటి పడబోయే ముందు సబ్‌స్టేషన్ ఫోన్ మోగింది. అటువైపు నవనీత. "అందరం దిగినం. లైన్ మీద ఎవలు లేరు. ఎల్‌సీ వాపస్. రాకేశ్ అన్ననేనా?"

"కాదు. శ్రవణ్."

"మీరా? తంగళ్ళపల్లి?"

"పోలె."

"ఎందుకు పోలె?"

"ఫోటో అడగలేదు మీరు."



"లైన్ వదలుండ్రి," అంది. గొంతు ఎప్పటిలా లేదు.

ఆ తర్వాత ఆమె పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఎల్‌సీ ఇవ్వండి, ఎల్‌సీ వాపస్, అంతే. తంగళ్ళపల్లి వాళ్ళు ఈ సంబంధం వద్దన్నారని రాకేశ్ ద్వారా ఆమెకు తెలిసింది. చెడగొట్టింది తానేననుకుంది. ఆమెకు కోపం వచ్చిందని శ్రవణ్ అనుకున్నాడు. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోతున్నాడు.

వారం తిరగకముందే ఒక మధ్యాహ్నం, కోరుట్ల శివార్లలో పోల్ మీద ఉండగా నవనీతకు కింద నుంచి పిలుపు వినిపించింది.

"బిడ్డా, నవనీత అంటె నువ్వేనా?"

"నేనే. ఎవలు?"

"ఆపరేటర్ శ్రవణ్ తల్లిని. కిందికి దిగు, మాట్లాడాలె."

"పనున్నది పెద్దమ్మా. అయినంక దిగుత."

"సరే, ఆగుత," అని చంద్రవ్వ ఎదురుగా ఉన్న టైలర్ దుకాణం మెట్టు మీద కూర్చుంది. దుకాణంలో ఫ్యాను ఆగి ఉంది. టైలర్ అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

పైన నవనీత బిగించిన బోల్టునే మళ్ళీ బిగిస్తోంది. బక్కయ్య కింద నుంచి చూసి చూసి అన్నాడు. "గా బోల్టు అరిగిపోతది బిడ్డా. దిగు ఇగ."

దిగింది. దిగుతూనే మొదలుపెట్టింది. "పెద్దమ్మా, ఆ దినం ఆయనను నేను ఉండుమనలె. ఫోన్ కలువలె. తంగళ్ళపల్లోళ్ళతోటి నేనే మాట్లాడుత. ఉన్న సంగతి చెప్త. ఆయన తప్పేం లేదు పెద్దమ్మా."

చంద్రవ్వ ఆమె వైపు చూడలేదు, పోల్ వైపు చూసింది. "గంత పైకి ఎక్కుతవా?"

"ఎక్కుత."

"భయం గాదా?"

"కింద చూసుకునెటోళ్ళుంటె కాదు."

చంద్రవ్వ చూపు పోల్ మొదటికి దిగింది. "మా ఆయన చెట్టు మీదికెళ్ళి పడ్డనాడు కింద ఎవలు లేకుండె," అంది. "మాపటిదాక ఎవలకు తెల్వలె."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కొంగు అంచును వేలికి చుట్టి విప్పింది.

"వాడు రాకపొయ్యేసరికి నాకు మస్తు కోపమచ్చింది. ఇంటికచ్చి ఎందుకు రాలేదో చెప్పిండు. ఇగ నేనేం అంట? అన్నం పెట్టిన."

నవనీత నడుముకున్న బెల్టు విప్పింది. "మరి ఎందుకచ్చిన్రు పెద్దమ్మా?"

"ముందుగాల గా పెద్దమ్మ అనుడు బందు పెట్టు. నేను నీకు పెద్దమ్మనైతె వాడు నీకు అన్ననైతడు. గా వరస నాకద్దు. వానికి అసలే అద్దు."

బక్కయ్య దగ్గు వచ్చినట్టు పక్కకు తిరిగాడు. నవనీత హెల్మెట్ తీసింది. ఏం చేయాలో తెలియక మళ్ళీ పెట్టుకుంది. ఫోన్ తీసి సబ్‌స్టేషన్‌కు చేసింది.

"నవనీతను. లైన్ మీద ఎవలు లేరు. ఎల్‌సీ వాపస్."

"సరే మేడం."

"మీ అమ్మ గిక్కడున్నది."

అటు కుర్చీ జరిగిన చప్పుడు. "ఏమంటున్నది?"

"వరస సరిజేస్తున్నది."

శ్రవణ్ నెమ్మదిగా అన్నాడు. "ఆ మాట నేను అనాలె. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్ని దినాలు ఆగిన. నువ్వంటె నాకు ఇష్టం నవనీతా. నీకు ఇష్టమేనా?"

"ముందు కరెంటు వదలుండ్రి. జనం ఉక్కపోతకు ఉడుకుతున్నరు."

"వదులుత. మరి చెప్పు."

"వదిలినంక."

టైలర్ దుకాణంలో ఫ్యాను ఒకసారి మూలిగి తిరగడం మొదలైంది. కత్తిరించిన గుడ్డముక్కలు లేచి మెట్ల మీదికి ఎగిరాయి. చంద్రవ్వ చెంగుతో మొహం తుడుచుకొని అడిగింది. "ఏమంటున్నడు వాడు?"

"ఇష్టమేనా అని అడుగుతున్నడు."

"నువ్వేమన్నవ్?"

నవనీత ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు.

"ఇష్టమే అత్తమ్మా," అంది.

చంద్రవ్వ చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది.

"ఇగో, ఇను. వచ్చే ఆదివారం సెలవు పెట్టు. ఈ పిల్ల బాపును అడగనీకె పోవాలె. ఈసారి నువ్వు రాకుంటె నేనే ఖాయం జేసుకొనస్త."