భోషాణం పట్టీలు

"కానీయ్ ఖాజా, కానీయ్! వాన ముంచుకొస్తోంది!"

మార్కాపురం షెడ్డులో సువర్చల తొందరపెట్టడం అది పదోసారి. బడిలో చరిత్ర చెప్పే ఆమెకు తాతగారి ట్రంకుపెట్టె అడుగున నల్లమల గుహ పటం దొరికి నాలుగు రోజులైంది. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. మెకానిక్ ఖాజా కూడా నిలకడ లేనివాడే. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకునే మనిషి. జీపు వెనక ఇరుసును పట్టి ఉంచే రెండు ఆర్ములకూ కొత్త రబ్బరు బుష్‌లు వేసి, బండి ఇంకా జాకీ మీద గాల్లో ఉండగానే బోల్టులు బిగించేశాడు. చక్రాలు నేలకాని, బండి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. ఆ సంగతి తెలిసీ "ఏం కాదులే" అనుకున్నాడు. ఆ మాట ఎన్ని కొంపలు ముంచిందో!

దారి చూపడానికి వచ్చిన చెంచు పెద్ద బయ్యన్న ఒక్కటే షరతు పెట్టాడు. "మా తాత చెప్పిన మాటమ్మా. ఆ గుహలోంచి ఒక్కటే తేవాలి. రెండోదానికి చెయ్యి చాపకూడదు."

సువర్చల నవ్వి సరేనంది. ఒక్క భోషాణం చాలదూ!

పాదం మునిగే వాగు దాటి, ఖాజా నడుపుతుంటే బండల మీద ఎగిరెగిరి పడుతూ జీపు మధ్యాహ్నానికి కొండ చేరింది. గబ్బిలాల కంపులో పాక్కుంటూ లోపలికి పోతే, పటంలో గీసిన చోటే ఇనప పట్టీల భోషాణం! మూత తీయగానే బంగారు నాణేలు ధగధగమన్నాయి.

"పట్టండి, లేపండి!" సువర్చల అరిచింది. భోషాణం కదిలింది. దాన్నానుకుని నిలిచిన బండ కూడా కదిలి బయ్యన్న కాలి మీద దొర్లింది.

ఎముక విరిగి రక్తం చిమ్మింది. భోషాణం అక్కడే వదిలేసి అతన్ని మోసుకొచ్చి జీపులో పడుకోబెట్టారు. ఇరవై గజాలు కదిలారో లేదో, వెనక ఫట్‌మంది. బండి ఒక పక్కకు ఒరిగిపోయింది.

ఖాజా కిందికి దూరి చూశాడు. బుష్‌లు చిరిగి, రెండు ఆర్ములూ చీలిక పట్టాయి. "నా తప్పే మేడం," అన్నాడు. పై కొండల్లో వాన పడుతోంది. వాగు పొంగితే రెండు రోజులు ఇక్కడే. అంతదాకా బయ్యన్న బతకడు.

"ఇనుము కావాలి! రెండు గట్టి పట్టీలు!" అన్నాడు ఖాజా.

ఇద్దరూ గుహ వైపు చూశారు. ఖాజా ఉలీ సుత్తీ పట్టుకుని పరుగెత్తాడు. నాణేలు నేల మీద కుమ్మరించి, భోషాణం పట్టీలు ఊడగొట్టి తెచ్చాడు. జీపు బ్యాటరీకి వెంట తెచ్చిన ఇంకో బ్యాటరీ కలిపి, వైర్ల చివర వెల్డింగు కడ్డీ పెట్టి, ఆర్ముల చీలికల మీద పట్టీలు అతికించాడు. స్పేరు టైరు ముక్కలు కోసి బుష్‌ల చోట దూర్చాడు. ఆర్ములు ఎక్కించి బోల్టులు వదులుగా తొడిగాడు.

"బిగించెయ్! వాగు హోరు వినబడటం లేదూ?"

"ఆగండి మేడం! ఈసారి తొందరపడను!"

జాకీ ఒక్కో మెట్టే దించాడు. చక్రాలు నేలకానాయి. బండి బరువు పూర్తిగా పడింది. అప్పుడు బురదలో వెల్లకిలా పడుకుని, పళ్ళు బిగబట్టి ఒక్కో బోల్టూ తిప్పసాగాడు.

సువర్చల కళ్ళు గుహ మీదే ఉన్నాయి. పది నిమిషాలు చాలు, కొంగు నిండా తేవచ్చు. కానీ ఆమె చెయ్యి బయ్యన్న గాయాన్ని అదిమి పట్టి ఉంది. కాస్త సడలిస్తే చాలు, రక్తం ఉబికి వస్తోంది.

"ఇనుము తెచ్చారుగా అమ్మా, ఆ ఒక్కటే చాలు," అన్నాడు బయ్యన్న నీరసంగా.

ఆమెకు సిగ్గేసింది. రెండో చెయ్యి కూడా గాయం మీద వేసింది.

వాగు చక్రాలు ముంచేంత పొంగింది. "గట్టిగా పట్టుకోండి!" అంటూ ఖాజా బండిని నీళ్ళలోకి దూకించాడు. నీటి అడుగున బండ తగిలి వెనక భాగం ఎగిరి పడింది. ఆర్ములు మాత్రం నిలిచాయి.

బయ్యన్న కాలు దక్కింది. ఆసుపత్రిలోనే సువర్చల పటం అతని చేతిలో పెట్టేసింది. అతను మడిచి మొలలో దోపుకున్నాడు.

"నిధి దొరికిందటగా?" అని షెడ్డుకొచ్చినవాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. ఖాజా టీ ఊదుకుంటూ, చల్లారేదాకా ఆగి, ఒక గుటక వేస్తాడు.

"దొరికింది. ఆ జీపు కింద పడుకుని చూడు."