తెల్లగా మిగిలిన ఫిల్టర్

బతుకమ్మ పొద్దున లేవగానే తడిగుడ్డ పట్టుకుంటుంది. టేకులపల్లి దగ్గర బొగ్గుగని పక్కనున్న ఆ వాడలో తెల్లవారేసరికి గడపల మీద, గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద బొగ్గు పొడి పలుచగా పరుచుకుని ఉంటుంది. అందుకే ఆమె ఇంట్లో కప్పకుండా వదిలిన వస్తువు లేదు. టీవీకి అల్లిక గుడ్డ, మిక్సీకి పాత దిండు గలీబు, భర్త పడుకునే లోపలి గదిలో గాలిని శుభ్రం చేసే మిషన్‌కు కొడుకు వీరేందర్ శాలువా.

ఆ మిషన్ తెచ్చింది వీరేందరే. గనిలో బొగ్గు కొట్టి రిటైరైన తండ్రి కుమారస్వామి ఊపిరి కోసం తెచ్చాడు. తెచ్చిన నెలలోనే బైకు ప్రమాదంలో పోయాడు. అతని భార్య నవత ఇప్పుడు సారపాకలో కిరాయి గదిలో ఉంటూ ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేస్తోంది. మిషన్‌ను నడిపే యాప్ ఆమె ఫోన్‌లోనే ఉంది. రోజూ అక్కడి నుంచే ఆన్ చేస్తుంది. గాలి బాగుంటే తెర మీద ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆ ఇంటికి రావడం కన్నా ఆ చుక్కను చూసుకోవడం ఆమెకు తేలిక.

ఆ ఆదివారం మాత్రం వచ్చింది. మామకు ఆయాసం ఎక్కువై దవాఖానాకు తీసుకుపోయారని, నిన్ననే ఇంటికి తెచ్చారని తెలిసి వచ్చింది. చెప్పులు విప్పుతూనే అడిగింది.

"మామా, మళ్ల బీడీ మొదలువెట్టిన్రా?"

వసారాలో మంచం మీద కూర్చున్న కుమారస్వామి తలెత్తాడు. "బీడీ ఏంది బిడ్డా? వాడు పోయిన్నాడే ఇడిసిన. వాని మీద ఒట్టు."

"ఆయన మీద ఒట్లు వెయ్యకుండ్రి. గాలి మంచిగనే ఉన్నదని ఫోన్ల రోజూ చూస్తున్న. మరి ఆయాసం ఏడికెళ్లి వచ్చింది?"

"అంటే నా మాట కన్న నీ ఫోన్ మాటే ఎక్కువైందా?" అంతకుమించి దగ్గు ఆయనను మాట్లాడనివ్వలేదు. గోడవైపు తిరిగిపోయాడు.

వంటింట్లోంచి బతుకమ్మ వచ్చింది. "ఆయన్నేమనకు. మిషన్ పొద్దుందాక నడుస్తనే ఉంటది. నేను కంటికి రెప్పోలె చూసుకుంటున్న. రా, నువ్వే చూద్దువు."

గది గుమ్మంలోనే నవత ఆగిపోయింది. ఆ శాలువా ఆమెకు తెలుసు. దాని కింద మిషన్ సన్నగా మోగుతోంది.

"గిట్ల కప్పిన్రేంది అత్తమ్మా?"

"కప్పకపోతే దుమ్ము పడదా? వాడు తెచ్చిన ఆఖరి వస్తువాయె."

నవత శాలువా తీసింది. మిషన్ ఆపి, వెనక మూత తెరిచి ఫిల్టర్ బయటికి లాగింది. అది మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"చూసినవా, తెచ్చిన్నాటి తీర్గనే ఉంచిన," అంది బతుకమ్మ సంబరంగా.

నవత శాలువాను పక్కన పెట్టింది. ఫిల్టర్ పెట్టి మళ్లీ ఆన్ చేసింది. చేతిలోని ఫోన్‌లో ఆకుపచ్చ చుక్క పసుపైంది, ఆ వెంటనే ఎర్రబడింది. ఇన్నాళ్లూ ఆ మిషన్ శాలువా కిందున్న పిడికెడు గాలినే కడిగి, బాగుందని చెబుతూ వచ్చింది.

"ఇది నల్లబడాలె అత్తమ్మా. మామ ఊపిరితిత్తులు నల్లబడకుండ ఇది నల్లబడాలెనని తెచ్చిండు ఆయన."

బతుకమ్మ ఆ శాలువాను చేతిలోకి తీసుకుంది. "అంటే మీ మామకు గాలి ఆడకుండ జేసింది నేనేనా బిడ్డా?"

"నేను సుత. ఒక్కసారన్న వచ్చి చూస్తే తెలుస్తుండె. ఈ ఇంట్లకు రానీకె గుండె ఒప్పలేదు నాకు."

చాలాసేపటికి నవత వసారాలోకి వెళ్లి మంచం పక్కన కింద కూర్చుంది. "మామా, తప్పైంది. మిమ్మల్ని అనరాని మాటన్న."

ఆయన ఇటు తిరగలేదు. "ముందుగాల ఆ మిషన్ నేను పండే మంచం దిక్కు తెచ్చి పెట్టు. తప్పుల సంగతి ఊపిరి ఆడినంక చూద్దాం," అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

ఆ తర్వాత నవత ఆదివారాలు రావడం మానలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు అత్తాకోడళ్లు కలిసి మూత తెరిచారు. ఫిల్టర్ నల్లగా ఉంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి నలుపును తుడుస్తూనే ఉన్న బతుకమ్మ, ఆ నలుపును వేలితో తాకి చూసింది.

"ఇగ ఇది పనికిరాదు అత్తమ్మా. కొత్తది తెచ్చిన."

"కొత్తది పెట్టు. దీన్ని మాత్రం నాకియ్యి."

బీరువాలోంచి కొడుకు శాలువా తీసి, ఆ నల్లటి ఫిల్టర్‌ను అందులో మెల్లగా చుట్టింది.