శౌరయ్య మాస్టారి గుండె పాఠం

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఏడో తరగతి పిల్లలు సైన్సు పీరియడ్‌కి సర్దుకుని కూర్చున్నారు. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. బల్ల మీద టేప్‌రికార్డరు ఉంది. చాంద్‌బాషా దాని బటన్ నొక్కాడు.

"పిల్లలూ, పుస్తకాలు తీయండి," అంది శౌరయ్య మాస్టారి గొంతు.

అందరూ పుస్తకాలు తీశారు.

మాస్టారేమో గుంటూరు పెద్దాసుపత్రిలో ఉన్నారు. గొంతులో గడ్డ. ఆపరేషన్ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టర్లు. క్వార్టర్లీ పరీక్షలు దగ్గరికొచ్చాయి, పిల్లలేమైపోతారని ఆయనకు ఒకటే బెంగ. హెడ్మాస్టారు జగన్నాథరావుగారి అల్లుడు మద్రాసు నుంచి తెచ్చిన టేప్‌రికార్డరు అడిగి తీసుకున్నారు. దగ్గుకుంటూ, మంచినీళ్ళు తాగుతూ పాఠాలన్నీ క్యాసెట్లలోకి చెప్పి మరీ వెళ్ళారు. ఇది డెబ్బైల నాటి మాట. అప్పట్లో తిరువూరులో అలాంటి మిషను చూసినవాళ్ళే తక్కువ.

పాఠం మధ్యలో ఆయన అలవాటుగా ఆగేవారు. "అర్థమైందా? కానివాళ్ళు చేయెత్తండి," అనేవారు. తర్వాత కాసేపు ఏమీ వినపడదు. ఎదురుగా పిల్లలున్నట్టే ఆగారు పాపం.

"ఎవరికెత్తాలిరా, బల్లకా?" అనేవాడు అంకారావు. క్లాసంతా నవ్వేది. చాంద్‌బాషా ఆ ఖాళీని గిర్రున ముందుకు తిప్పేసేవాడు. ముందు బెంచీలో జోజమ్మ మాత్రం నవ్వేది కాదు. ఆ పిల్ల శౌరయ్య మాస్టారి కూతురు.

మిషను చాంద్‌బాషా చేతికే ఎందుకిచ్చారంటే, వాళ్ళ నాన్న రెహమాన్‌కి బస్టాండు దగ్గర మైకు సెట్ల షాపు ఉంది. పెళ్ళికైనా, మీటింగుకైనా సెట్టు ఆయనదే. "వైర్లూ బటన్లూ నీకు తెలుసు కదరా, నువ్వే చూసుకో," అన్నారు హెడ్మాస్టారు. దాంతో మనవాడికి కాస్త పొగరు కూడా ఎక్కింది.

మర్నాడు గుండె పాఠం. పొద్దుట్నుంచీ వాన. అన్నాల బెల్లు కొట్టాక చాంద్‌బాషా ఒక్కడే క్లాసులోకొచ్చి క్యాసెట్ పెట్టాడు. ఏ పనికైనా ముందు సెట్టు పరీక్షించడం వాళ్ళ నాన్న పద్ధతి. వాడూ అదే చేశాడు. రికార్డు చేసే ఎర్ర బటనూ పక్క బటనూ కలిపి నొక్కాడు.

"హలో హలో. మైక్ టెస్టింగ్. వన్ టూ త్రీ."

వరండాలోంచి అంకారావు పిలిచాడు. "ఒరే, కాగితం పడవలు వదుల్తున్నాం, రా."

వాడు పరిగెత్తాడు. మిషను తిరుగుతూనే ఉంది.

తిరిగొచ్చేసరికి టేపు దాదాపు చివరికొచ్చేసింది. కంగారుగా ఆపి, వెనక్కి తిప్పి విన్నాడు. హలో హలో అని తన గొంతు. ఆ తర్వాత పెంకుల మీద వాన చప్పుడు. ఎంతసేపు విన్నా వానే. గుండె ఎలా కొట్టుకుంటుందో చూపించడానికి మాస్టారు బల్ల మీద వేళ్ళతో కొట్టిన చప్పుడు కూడా పోయింది. చిట్టచివర ఒక్క ముక్క మిగిలింది. "అర్థమైందా? కానివాళ్ళు చేయెత్తండి."

మైకులో అన్న మాట గాల్లో కలిసిపోతుంది. టేపులో అన్న మాట ముందున్న మాటను తినేస్తుంది. ఆ సంగతి వాడికి అప్పుడు తెలిసింది.

"ఏరా, ఇంకా పెట్టలేదేం?" అన్నారు హెడ్మాస్టారు వచ్చి.

"మిషను పాడైందండి. తిరగట్లేదు."

ఆయన నమ్మేశారు. మిషనునీ క్యాసెట్లనీ బీరువాలో పెట్టి తాళం వేశారు.

బడి వదిలాక జోజమ్మ వాడి దగ్గరికొచ్చింది. "నాన్నకి ఆపరేషన్ అయింది. గొంతు తీసేశారంట. ఇంక మాట రాదంట," అంది నేల చూస్తూ. "ఆ టేపు మా అమ్మకి వినిపిద్దామనుకున్నాను. మిషను బాగవుతుందా?"

"అవుతుందిలే," అన్నాడు చాంద్‌బాషా. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండు వారాల పాటు సైన్సు పీరియడ్ ఉత్తినే పోయింది. చివరికి హెడ్మాస్టారు మిషనునీ ఆ క్యాసెట్‌నీ రెహమాన్ షాపుకే పంపారు. ఆ సాయంత్రం చాంద్‌బాషా వెళ్ళేసరికి నాన్న దాన్ని విప్పి, చూసి, మళ్ళీ బిగించేశాడు. క్యాసెట్ పెట్టి నొక్కాడు. హలో హలో అని కొడుకు గొంతు, ఆ వెనక వాన.

రెహమాన్ కొట్టలేదు. తిట్టనూ లేదు. కొట్టినా బాగుండేదనిపించింది వాడికి.

"మిషన్‌లో జబ్బేం లేదు," అన్నాడాయన. "క్యాసెట్ వెనక ఈ చిన్న ప్లాస్టిక్ ముక్క చూడు. ఇది విరిచేస్తే ఎర్ర బటన్ దిగదు. ఎవరూ చెరపలేరు. నువ్వడిగుంటే ముందే చెప్పేవాణ్ణి కదరా."

"పోయింది మళ్ళీ రాదా నాన్నా?"

"రాదు. రేపు తీసుకెళ్ళి ఇచ్చెయ్. ఏం చెప్తావో నీ ఇష్టం."

మర్నాడు మిషను మోసుకుని క్లాసులోకి అడుగుపెట్టిన చాంద్‌బాషా గుమ్మంలోనే ఆగిపోయాడు. కుర్చీలో శౌరయ్య మాస్టారున్నారు. సగానికి సగం చిక్కిపోయారు. మెడ చుట్టూ తెల్లగుడ్డ. పిల్లలు లేచి నమస్కారం పెడితే ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు.

మాస్టారు చాంద్‌బాషాని చూసి నవ్వారు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు. "గుండె పాఠం పెట్టు నాన్నా."

వాడు క్యాసెట్ పెట్టాడు. చివరిదాకా ముందుకు తిప్పి బటన్ నొక్కాడు.

"అర్థమైందా? కానివాళ్ళు చేయెత్తండి," అంది మాస్టారి గొంతు.

చాంద్‌బాషా చేయెత్తాడు.

"మిగిలిందంతా లేదు సార్. నేనే చెరిపేశాను. మైక్ టెస్టింగ్ చేశాను. మిషను పాడైందని అబద్ధం చెప్పాను." ఇంకేదో చెప్పబోయాడు కానీ ఏడుపొచ్చేసింది.

జోజమ్మ తల బెంచీ మీద వాల్చేసింది. మాస్టారు కిటికీకేసి తిరిగి చాలాసేపు నిలబడ్డారు. వెనక్కి తిరిగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. బోర్డు మీద గుండె బొమ్మ గీశారు. పుస్తకం తెరిచి చాంద్‌బాషా చేతిలో పెట్టి, చదవమన్నట్టు చూపించారు.

వాడు చదివాడు. మాస్టారు బొమ్మలో గది తర్వాత గది చూపిస్తూ పోయారు. గుండె చప్పుడు దగ్గరికి రాగానే ఆయన బల్ల మీద వేళ్ళతో కొట్టారు. లబ్ డబ్. లబ్ డబ్. ఆ చప్పుడు మాత్రం ఎప్పట్లాగే ఉంది.

పేజీ అయిపోయింది. మాస్టారు పిల్లలకేసి చూశారు. ఆయన అడగబోయేదేమిటో అందరికీ తెలుసు. చాంద్‌బాషానే అడిగాడు. "అర్థమైందా? కానివాళ్ళు చేయెత్తండి."

జోజమ్మ చేయెత్తింది. వాడి ముఖం చూడకుండానే అంది. "ఆ చివరి ముక్క మళ్ళీ పెట్టు."

చాంద్‌బాషా క్యాసెట్ బయటికి తీశాడు. ముందు దాని వెనకున్న ప్లాస్టిక్ ముక్కను విరిచాడు. తర్వాత లోపల పెట్టి, కొంచెం వెనక్కి తిప్పి, నొక్కాడు.

మాస్టారు అడిగారు. తర్వాత ఖాళీ మొదలైంది. అంకారావు ఏమీ అనలేదు. చాంద్‌బాషా చేతులు కట్టుకుని, టేపు దానంతటది ఆగేదాకా నిలబడ్డాడు.