చెప్పమన్న మాట

లంచ్ బెల్ కొట్టగానే సంతోషి పరుగెత్తుకొచ్చింది.

"ఏమన్నది మృదుల? నా గురించి అడిగిందా?"

అడిగింది. పొద్దున్నే కళ్ళు తుడుచుకుంటూ, "సారీ అన్నానని దానికి చెప్పవా? అది మాట్లాడకపోతే నాకు ఏడుపొస్తోంది" అని కూడా అంది.

"ఏమనలే. ఇంకా కోపంగనే ఉన్నది" అంది జ్యోతిక.

అమ్మో, ఎంత అబద్ధం అనుకుంటున్నారా? ఆగండి మరి. జ్యోతిక నల్గొండ నుంచి ఎల్బీ నగర్ స్కూలుకి కొత్తగా వచ్చింది. మొన్నటిదాకా ఆమెను పలకరించిన పాపాన పోలేదు ఎవరూ. ఒక్కతే తినేది, ఒక్కతే ఇంటికి పోయేది. ఇంతలో కబడ్డీ టీములోకి తనను తీసుకోలేదని సంతోషి మృదులతో పోట్లాడింది. ఆ ఇద్దరు ప్రాణస్నేహితుల మధ్య మాటలు మోయడానికి ఓ మనిషి కావాల్సి వచ్చింది. అలా జ్యోతికకు ఇద్దరు ఫ్రెండ్స్ దొరికారు. వాళ్ళు కలిసిపోతే తనతో ఎవరు మాట్లాడతారు? అదీ ఆమె భయం.

మర్నాడు శనివారం. ఇంట్లో ఎవరూ లేరని అమ్మ ఆమెను దిల్‌సుఖ్‌నగర్‌లో తాను పాఠం చెప్పే లా కాలేజీకి తీసుకెళ్ళింది. లాయర్లు కాబోయేవాళ్ళకు అమ్మ ఇంగ్లీషు నేర్పిస్తుంది. ఆ రోజు పాఠం మధ్యవర్తి పని. అంటే, తగువులో ఒకరి మాటను రెండోవారికి అర్థమయ్యేలా చేరవేయడం.

ఇంటి ఓనరుగా నటిస్తూ ఒకమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడింది. ఇంగ్లీషు రాని కిరాయిదారుగా ఒకబ్బాయి కూర్చున్నాడు. మధ్యలో, మధ్యవర్తిగా మహిపాల్ అనే స్టూడెంటు.

"నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నరు" అన్నాడు మహిపాల్ తెలుగులో.

"ఆగు" అంది అమ్మ. "పిల్లల పరీక్షలు అయ్యేదాక ఉండొచ్చని గూడ అన్నది కదా. ఆ మాటేది?"

"చిన్న మాటే కదా అని వదిలేసిన మేడమ్."

"అది నీ మాట కాదు, వదిలెయ్యడానికి. ఆయనకు చేరాల్సింది. నువ్వు మింగేస్తే పాపం ఆయన పిల్లలను ఏసుకొని ఇండ్లు ఎతుక్కుంట తిరుగుతడు."

క్లాసంతా గొల్లున నవ్వింది. వెనక బెంచీలో జ్యోతికకు మాత్రం నవ్వు రాలేదు. మృదుల ఏడుపు ముఖమే గుర్తొచ్చింది.

సోమవారం లంచ్‌లో సంతోషి మళ్ళీ వచ్చింది. ఈసారి జ్యోతిక ఆమె అడిగేదాకా ఆగలేదు.

"మృదుల నీకు సారీ చెప్పమన్నది. నువ్వు మాట్లాడకుంటే ఏడుపొస్తుందన్నది. శుక్రవారమే అన్నది. నేనే చెప్పలే."

"ఎందుకు?"

"మీరు కలిస్తే నాతోని ఎవరూ మాట్లాడరని."

"ఛీ! గట్ల చేస్తరా ఎవరన్న?" సంతోషి మూతి ముడుచుకుంది. మళ్ళీ తనే, "సరే, నేను గూడ సారీ అన్ననని పోయి చెప్పు" అంది.

మళ్ళీ మధ్యలో నిలబడొచ్చు! జ్యోతికకు ఎంత ఆశగా అనిపించిందో. అయినా తల అడ్డంగా ఊపింది.

"నువ్వే పో. అగో, మెట్ల మీద ఒక్కతే కూసున్నది."

సంతోషి ఒక్క పరుగున వెళ్ళింది. "ఇప్పుడా వచ్చేది!" అంటూ మృదుల ఆమెను వాటేసుకుంది. ఇద్దరూ జ్యోతిక వైపు చూడనైనా చూడలేదు.

ఇక జరిగిందంతా సంతోషే చెప్పేస్తుందిలే, తప్పించుకుపోదామా అనిపించింది జ్యోతికకు. రెండడుగులు వెనక్కి వేసింది కూడా. మళ్ళీ ఆగి, మెల్లగా మెట్ల దగ్గరకు నడిచింది.

"మృదులా, నీ మాట నేనే దాచిన. సారీ."

సంతోషిని వాటేసుకున్న మృదుల చేతులు జారిపోయాయి. ఆమె జ్యోతిక వైపు తిరిగింది. జ్యోతికకు ఏడుపు ముంచుకొచ్చింది. అయినా ఈసారి పారిపోలేదు. మృదుల ఏమంటుందో విందామని అక్కడే నిలబడింది.