అత్తగారి మాటలు, కోడలి గొంతు

అత్తగారు టాబ్లెట్‌ను నేలకేసి కొట్టారు. ఎడమచేతిలో మిగిలిన బలమంతా పెట్టి కొట్టినట్టున్నారు, అది గోడ దాకా జారిపోయింది. కోడలు కుట్టుమిషను దగ్గర నుంచి లేచి వచ్చి, దాన్ని తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ ఆవిడ ఒళ్ళో పెట్టింది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. పక్షవాతం వచ్చి అత్తగారి మాట పడిపోయిన ఈ మూడు నెలల్లో... కాదు, అంతకు చాలా ముందే, ఆమెలో ఏడుపు ఇంకిపోయింది. ఎప్పుడో ఆమెకే గుర్తులేదు.

ఆ టాబ్లెట్‌లో బొమ్మలుంటాయి. బొమ్మ నొక్కితే అది మాట పలుకుతుంది. ఆ మాటలు పలికి రికార్డు చేయమంటే భర్త సిగ్గంటూ తప్పించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. అందుకని నీళ్ళు, నొప్పి, బాత్రూమ్, దుప్పటి, వద్దు... అన్నీ కోడలే పలికింది. రోజంతా తన గొంతే తనకు పనులు చెబుతుంటే, ఆమె చేసుకుపోతోంది.

ఆ సాయంత్రం మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు వచ్చింది. టాబ్లెట్‌కి పగిలిన మూల చూసింది. పేజీలన్నీ తిప్పి, ఇందులో ఉన్నవన్నీ రోగి మాటలే, ఈవిడ మాటలేవీ అని అడిగింది. కోపం వస్తే ఆవిడ అనేవి కూడా ఉండాలట, లేకపోతే ఆవిడకు నోరు ఇచ్చినట్టు కాదట.

"ఏమనేవారో మీకు గుర్తున్నాయా?"

"గుర్తున్నాయి," అంది కోడలు.

ఇరవై రెండేళ్ళుగా విన్న మాటలు... ఒక్కటీ మర్చిపోలేదు. వంటింటి తలుపు వేసుకుని, టాబ్లెట్ నోటి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటే చెప్పింది. ఎక్కడ చచ్చావు. ఇదీ ఒక వంటేనా. మీ అమ్మ నీకేం నేర్పింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మూడోదాన్ని మాత్రం సగంలో ఆపి చెరిపేసింది. తన అమ్మ చనిపోయిన నెలలోనూ ఆ మాట పడింది తను. మళ్ళీ మొదటి నుంచి రికార్డు చేసింది.

మర్నాడు పొద్దున అత్తగారు కొత్త పేజీ తెరిచారు. మొదటి బొమ్మ నొక్కారు. "ఎక్కడ చచ్చావు," అంది కోడలి గొంతు, కోడలి ఎదుటే. రెండోది నొక్కారు. మూడోది నొక్కారు. "మీ అమ్మ నీకేం నేర్పింది."

ఆ తర్వాత వేలు కదల్లేదు. చాలాసేపటికి వెనక్కి వెళ్ళి "వద్దు" నొక్కారు. మళ్ళీ "వద్దు".

కోడలు దుప్పటి మడతపెడుతూనే, "ఉండనివ్వండి అత్తయ్యా. కోపం వస్తే మాటలు కావాలిగా," అంది. దెప్పడానికి కాదు. నిజంగానే అలా అనిపించింది ఆమెకు.

వంటింట్లోకి వెళ్ళబోతుంటే ఆవిడ మంచం పట్టె మీద చేత్తో కొట్టారు. అక్షరాల పేజీ తెరిచారు. ఇన్నాళ్ళూ దాని జోలికే పోలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, తప్పు నొక్కి చెరుపుకుంటూ, నుదుట చెమట పట్టేదాకా... స్టవ్ మీద కూర అడుగంటుతున్న వాసన వస్తోంది. కోడలు కదల్లేదు.

చివరికి యంత్రం తన సొంత గొంతుతో, ఆ ఇంట్లో ఎవరిదీ కాని గొంతుతో పలికింది.

"కాసేపు కూర్చో అమ్మా."

ఆ ఇంటికి వచ్చాక ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. అత్తగారి కాళ్ళ దగ్గర కాస్త చోటు చేసుకుని, మంచం మీద కూర్చుంది.